వేదనాయగం శామ్యూల్ అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (ఆగష్టు 17, 1874 - జనవరి 1, 1945) ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయుడు. దోర్నకల్ బిషప్పుగా 32 సంవత్సరాలు పనిచేసాడు. సువార్త చెప్పడం జీతం తీసుకునే బోధకుల పని మాత్రమే కాదని, బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరి బాధ్యత అని నమ్మి, ఆ నమ్మకాన్ని తెలుగు పల్లెలలో ఆచరణలో పెట్టిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు.

తొలి జీవితం

అజరయ్య తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వెల్లాలన్విలై గ్రామంలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయగం ఆ గ్రామంలో ఆంగ్లికన్ గురువు. అజరయ్య మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివాడు కాని, చివరి పరీక్షల సమయంలో జబ్బు పడి పట్టా పొందలేకపోయాడు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతటా తిరిగాడు. 1898లో అంబు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నాడు. భారతీయ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో సేవ చేయాలన్న ఆలోచన ఈ కాలంలోనే బలపడింది. దాని ఫలితంగా 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడ్డాయి. రెండింటి స్థాపనలోను ఈయన పాత్ర ముఖ్యమైనది.

దోర్నకల్

తిరునెల్వేలి సొసైటీ తన పనికి ఎంచుకున్న చోటు అప్పటి నిజాం రాజ్యంలోని దోర్నకల్. 1909లో గురువుగా అభిషేకం పొందిన అజరయ్య అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకొని పల్లెలలో పని మొదలుపెట్టాడు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సమావేశంలో, విదేశీ మిషనరీలు భారతీయులకు ఉపకారం చేస్తున్నారే గాని స్నేహితులుగా చూడడం లేదని బహిరంగంగా చెప్పడం అక్కడ కలకలం రేపింది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. మొదట చిన్నదైన ఈ అధ్యక్ష మండలం తరువాత కృష్ణా మండలంలోని ఆంగ్లికన్ సంఘాలను కూడా కలుపుకొని విస్తరించింది.

సామాన్య విశ్వాసుల పరిచర్య

ఇక్కడి విశ్వాసులలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. చాలామందికి చదవడం రాదు. ఊళ్ళు వందలు, గురువులు కొద్దిమంది. మామూలుగా ఇటువంటి చోట విదేశీ నిధులతో మరికొందరు ఉద్యోగులను నియమించేవారు. అజరయ్య స్థానిక గురువులకు, గ్రామ ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించాడు. 1930ల మధ్యనాటికి గ్రామ ఉపాధ్యాయుల సంఖ్యే రెండు వేలు దాటింది. అయితే అంతటితో ఆగక, సంఘంలోని ప్రతి సభ్యుడిని సాక్షిగా నిలబెట్టాలని చూసాడు.

ఇందుకు ప్రధాన సాధనం ఏటా జరిపే సాక్ష్య వారం. ఆ వారం రోజులు స్త్రీపురుషులు జట్లుగా పొరుగు ఊళ్ళకు వెళ్ళి, పాటలు పాడి, తమ జీవితంలో వచ్చిన మార్పును తమ మాటలలోనే చెప్పేవారు. చదువు రానివారికి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు కంఠస్థం చేయించేవారు. బాప్తిస్మం పొందినవారు తమ తలపై చేయి ఉంచుకొని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పలికేటట్లు బిషప్పు స్వయంగా నేర్పేవాడు. ఊరి వెలుపల ఉండవలసిన మనిషి అగ్రవర్ణాల వారి ముందు నిలబడి మాట్లాడడం ఆనాడు చిన్న విషయం కాదు. తాగుడు మానిన, శుభ్రంగా జీవిస్తున్న కూలీలను చూసి 1930లలో కొందరు ఇతర కులాల రైతులు కూడా సంఘంలో చేరారు. బోధకుల ఉపన్యాసాల కంటె ఇదే ఎక్కువ పనిచేసిందని చెప్పవచ్చు.

డబ్బు విషయంలోను ఇదే పద్ధతి. స్త్రీలు వంట చేసేటప్పుడు ఒక పిడికెడు బియ్యం సంఘం కోసం పక్కన పెట్టేవారు. కోతల పండుగలో ధాన్యం, కోళ్ళు, మేకలు కానుకలుగా వచ్చేవి. క్రైస్తవ దాతృత్వంపై అజరయ్య ఒక పుస్తకం కూడా రచించాడు.

పాటలకు ఈయన ఎంతో విలువ ఇచ్చాడు. శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు దోర్నకల్ పరిధిలోనివి కావు. అక్కడ పనిచేసింది కెనడియన్ బాప్టిస్టు మిషను. అయినా ఆ ప్రాంతానికి చేరువలోని పర్లాకిమిడి సీమవాడైన పురుషోత్తమ చౌదరి కీర్తనలు మిషను సరిహద్దులు దాటి తెలుగు సంఘాలన్నిటిలోను పాడబడ్డాయి.

విమర్శలు

సామూహిక మతమార్పిడుల విషయంలో గాంధీజీ ఈయనతో విభేదించాడు. పేదలు తెలిసి మతం మారుతున్నారా అన్నది గాంధీజీ సందేహం. తమ మంచి చెడ్డలు తాము నిర్ణయించుకోగల శక్తి వారికి ఉందని అజరయ్య వాదన. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వడాన్ని మాత్రం ఈయన వ్యతిరేకించాడు. సంఘంలో మాల, మాదిగ విశ్వాసుల మధ్య ఉన్న ఎడబాటును ఈయన పూర్తిగా తొలగించలేకపోయాడు.

చివరి రోజులు

దోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ నిర్మాణం చాలా ఏళ్ళు సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. హిందూ, ముస్లిం శిల్ప రీతులు రెండూ ఇందులో కనిపిస్తాయి. అజరయ్య దోర్నకల్‌లోనే మరణించాడు. అప్పటికి ఆ మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. 1919లో తరంగంబాడి సమావేశం నుండి ఈయన కృషి చేసిన సంఘాల ఐక్యత, దక్షిణ ఇండియా సంఘం రూపంలో 1947 సెప్టెంబరు 27న నెరవేరింది. ఉత్తరాంధ్ర బాప్టిస్టు సంఘాలు అందులో చేరలేదు.