దూరవార్తలకు చేతులు గూర్చిన క్లోదు శాప్పు

స్కౌటు బాలురు చెరియొక చేతను చిన్న జెండాను బట్టి, చేతులను పలుదిక్కులకు చాచుచు, మైదానమున కావలివైపున నున్న తోడివారికి అక్షరము వెంట అక్షరముగా మాటలు తెలుపుటను మన పాఠకులలో పెక్కుమంది చూచియే యుందురు. ఈ విద్యకు సెమఫోరు అని పేరు. గురుతును మోయునది యని గ్రీకుభాషలో ఆ పదమున కర్థము. దీని పుట్టుక నెరుంగగోరి మేము వెనుకకు పోగా, జెండా చేతబట్టని యొక ఫ్రెంచి దేశస్థుడు మా కెదురుపడెను. అతని పేరు క్లోదు శాప్పు. అతడు నిర్మించిన చేతులు కొయ్యచేతులు. అవి గుడిగోపురములమీదను, కొండకొమ్ములమీదను నిలిచి, గుఱ్ఱపు తపాలా రోజంతయు మోయు వార్తను నిమిషములలో మోసినవి. అతని చరిత్రము విద్యార్థులకు ఉపయోగపడునని తలంచి వ్రాయుచున్నాము. గాని దాని చివరిభాగము సంతోషకరమైనది కాదని ముందుగానే చెప్పుట మంచిది.

శాప్పు 1763 వ సంవత్సరము డిశంబరు 25 వ తేదీన, క్రీస్తు జన్మదినమున, ఫ్రాన్సు దేశపు పడమటి భాగమునందలి బ్రూలోన్ అను చిన్న ఊరిలో జన్మించెను. ఆ కుటుంబమున అప్పటికే ఖ్యాతిగాంచినవాడు అతని తండ్రికి తోబుట్టువగు జాన్ బతీస్తు శాప్పు. ఈయన గురువు, ఖగోళశాస్త్రజ్ఞుడు. శుక్రగ్రహము సూర్యబింబమున కడ్డముగా నడచుటను కనిపెట్టుటకై 1761 లో సైబీరియాలోని తొబోల్స్కు పట్టణమునకును, 1769 లో అమెరికా పడమటి తీరమునందలి కాలిఫోర్నియాకును ప్రయాణము చేసి, రెండవ పర్యాయము తన పని ముగించిన కొలది దినములకే అచ్చట జ్వరముచే మరణించెను. అప్పటికి మన క్లోదు ఐదేండ్ల బాలుడు.

బాల్యమునుగూర్చి యొక కథ కలదు. క్లోదు ఒక పాఠశాలలోను, అన్నదమ్ములు కొంత దూరముననున్న మరియొక పాఠశాలలోను చదువుచుండగా, ఒక పొడవు బద్దకు ఇరుకొనలను రెండు చిన్న బద్దలను తగిలించి, వానిని త్రిప్పుచు, కిటికీలనుండి ఒకరితో నొకరు సంభాషించుకొనెడివారట. బాలురకు రుచించు కథయే, కాని చరిత్రకారులు దీనిని అంతగా నమ్మరు. అతని ప్రయోగముల క్రమమును చూచినచో మాకును నమ్మబుద్ధి కాదు. చిన్ననాడే బద్దల రహస్యము తెలిసినవాడు పెద్దవాడైన తరువాత అంతకాలము తప్పుదారులలో ఏల తిరుగును?

అతడు దైవసేవకై చదివి, మఠముల ఆదాయముపై జీవించుచు, తీరిక సమయమున భౌతికశాస్త్ర ప్రయోగములు చేయుచు పారిసునగరమున నుండెను. 1789 లో ఫ్రాన్సున విప్లవము చెలరేగి, దేవాలయముల ఆస్తులు జాతిపరమయ్యెను. శాప్పునకు ఆదాయము పోయెను. అతడు బ్రూలోనునకు తిరిగివచ్చి అన్నదమ్ములను కూడదీసికొని, దూరమునకు వార్తలను శీఘ్రముగా పంపు సాధనమును కనుగొనుటకు పూనుకొనెను. దేశము నలువైపుల శత్రువులు మూగుచున్న కాలమది. సరిహద్దు సైన్యమునకు ఆజ్ఞ పంపి మారుమాట వినుటకు దినములు పట్టుచుండెను.

మొట్టమొదట విద్యుచ్ఛక్తిని ఉపయోగింపజూచెను గాని, తీగెనుండి శక్తి జారిపోకుండ కాపాడు మార్గము దొరకలేదు. పిమ్మట రెండుచోట్ల ఒకే వేగముతో నడచు గడియారములను అమర్చి, వంటపాత్రలను మ్రోగించి గురుతులు తెలిపెను. ముల్లు ఏ అంకెమీద నున్నప్పుడు ధ్వని వినబడునో ఆ అంకెయే సందేశము. ధ్వని బహుదూరము పోజాలదు; పైగా ఇరుగుపొరుగువారి శాంతికి భంగము. కనుక పాత్రలకు మారుగా, ఒకవైపు నలుపును మరియొకవైపు తెలుపును పూసిన పలకను త్రిప్పనారంభించెను. 1791 మార్చి 2 వ తేదీన బ్రూలోనునుండి తొమ్మిది మైళ్ల దూరమునందలి పార్సే గ్రామమునకు ఈ రీతిని ఒక వాక్యము పంపబడెను. అతడు కృతార్థుడైనచో త్వరలోనే కీర్తి అతనిని కప్పివేయునని దాని భావము. ఊరి అధికారులు చూచి, నిజమేనని వ్రాసి సంతకములు చేసిరి. ఆ కీర్తి అతనికి ఎట్టిదయ్యెనో ముందు చూతము.

పారిసునకు పోయి, 1791 లో నగరపు ద్వారమునొద్ద ఒక యంత్రమును నిలిపెను. ఒక రాత్రి ఎవరో దానిని మాయము చేసిరి. 1792 మార్చి 22 వ తేదీన శాసనసభ యెదుట తన పద్ధతిని వివరించెను. అతని అన్న ఇగ్నాసు ఆ సభలో సభ్యుడై యుండుట కొంత సహాయమయ్యెను. మరల నగరమునకు వెలుపల, బెల్‌విల్ అను మెట్టపైన ఒక తోటలో రెండవ యంత్రము నిలిపెను. అప్పుడు రాజు చెరసాలలో నుండెను. మెట్టమీద వింతగా తిరుగు కొయ్యలను చూచిన జనులు, ఇది చెరలోని రాజుతో రహస్యముగా మాటలాడు సాధనమని భ్రమించి, గుంపుగావచ్చి దానిని ధ్వంసము చేసిరి. తెలియని వస్తువును చూచి భయపడుట మానవస్వభావము. కాని ఆ దినములలో అట్టి అనుమానమునకు గురియైనవానికి తల మిగులుట దుర్లభము. శాప్పు అయినను పని మానలేదు.

ఈ లోపుననే అతడు పలకలను, గడియారములను విడిచిపెట్టెను. బహుదూరమునుండి చూచునప్పుడు కంటికి రంగుకంటె వంపు స్పష్టముగా కానవచ్చునని కనుగొనెను. మా యభిప్రాయమున అతని పరిశోధనకెల్ల ఇదియే కీలకము. ఒక నిలువు స్తంభముమీద సుమారు 14 అడుగుల అడ్డుదూలమును, దాని ఇరుకొనలను ఒక్కొక్కటి ఆరడుగుల చేతులను అమర్చి, అన్నిటికిని నల్లరంగు పూయించెను. ఆకాశమున కెదురుగా చూచినచో, ఒక దీర్ఘకాయుడు భుజములు వంచి మోచేతులు త్రిప్పుచున్నట్లు తోచును. క్రిందిగదిలో దీని ప్రతిరూపమగు చిన్నయంత్రము కలదు. దాని నెట్లు త్రిప్పిన, కప్పీలును త్రాళ్లును పైయంత్రమును అట్లే త్రిప్పును. ఈ పనితనమున ప్రసిద్ధుడగు గడియారముల నిర్మాత బ్రెగే తోడ్పడెను.

దీని లెక్కను మన విద్యార్థులు వ్రాసి చూచుకొనవచ్చును. ఒక్కొక్క చేయి సగము లంబకోణము చొప్పున తిరుగును గనుక దాని కెనిమిది నిలుకడలు. అందు చేయి దూలమునకు వరుసగా వెలుపలికి చాచుకొనియున్న నిలుకడ దూరమునుండి సరిగా గుర్తింపరాదని విడిచిరి, మిగిలినవి ఏడు. రెండు చేతులకు 7 ను 7 చేత గుణింప 49. దూలము అడ్డముగా నొకసారి, నిలువుగా నొకసారి నిలుచును గనుక 98. అందు ఆరింటిని స్టేషనుల సొంతపనికై ఉంచుకొనగా మిగిలినవి 92. 1795 నాటికి 92 పుటలు, పుటకు 92 మాటలు గల సంకేత నిఘంటువు సిద్ధమయ్యెను. మొదటి గురుతు పుటను, రెండవ గురుతు అందలి మాటను తెలుపును. రెండే గురుతులతో 8,464 మాటలలో దేనినైనను చెప్పవచ్చును. చేతులు ఏటవాలుగా నున్న దూలముపై మొదట అమరును. దూలము నిలువునకుగాని అడ్డమునకుగాని తిరిగి నిలిచిన పిమ్మటనే గురుతు ఖాయమగును. తప్పు జరుగకుండుటకు ఇది చక్కని కట్టుబాటు.

విప్లవసభ ప్రయోగమునకై 6,000 ఫ్రాంకులు మంజూరుచేసి పరీక్షకులను నియమించెను. వారిలో లకనాల్ అనువాడు శాప్పునకు గట్టి అండయయ్యెను. 1793 జూలై 12 వ తేదీన బెల్‌విల్‌నుండి ఎకువాన్ మీదుగా సేన్ మార్తిన్ దు తెర్త్రు వరకు, 16 మైళ్ల దూరము, ఒక వార్త 11 నిమిషములలో పోయి, 9 నిమిషములలో బదులు వచ్చెను. ఆ నెలలోనే సభ దీనిని ఆమోదించి, శాప్పునకు టెలిగ్రాఫు ఇంజనీరు అను బిరుదును, సేనలోని లెఫ్టినెంటు జీతమును ఇచ్చెను. టెలిగ్రాఫు అను పేరు అప్పుడే పుట్టినది. శాప్పు మొదట శీఘ్రలేఖిని అను అర్థముగల పేరు పెట్టగా, మియో అను మిత్రుడు దూరలేఖిని అను ఈ పేరును సూచించెను. తీగెల టెలిగ్రాఫు పుట్టుటకు అర్ధశతాబ్దము ముందే పేరు సిద్ధమై యుండెనన్నమాట.

పారిసునుండి ఉత్తరపు సరిహద్దునగు లీల్ పట్టణమువరకు, సుమారు 130 మైళ్లు, పదునైదు స్టేషనులు కట్టవలసి వచ్చెను. దేశమున ద్రవ్యము లేదు, కలప లేదు, కూలివాండ్రు సేనలో చేరిపోయిరి. అయినను ఏడాదిలో పని పూర్తియయ్యెను. 1794 ఆగష్టులో కోందే అను కోట శత్రువులనుండి తిరిగి వశమైనది. ఆ వార్త ఆ దినముననే పారిసులోని సభకు అందెను. సభవారు సంతోషించి కోటకు క్రొత్తపేరు పెట్టుచున్నట్లు తంతి నడిపించి, సభ చాలింపకమునుపే దానికి బదులు పొందిరి. తంతి యనుట పొరపాటు; అందొక తీగెయైనను లేదు.

స్టేషనులలోని పనివాండ్రు దుర్బినితో ఇరుగు స్టేషనును చూచి, కనబడిన గురుతును తమ యంత్రముతో చూపి, పొరుగు స్టేషను సరిగా గ్రహించినదా యని మరల చూడవలెను. దాని భావము వారికి తెలియదు. నిఘంటువు కొనలనున్న అధికారులయొద్దనే యుండును. యుద్ధములలోని గెలుపోటములు తమ చేతులమీదుగా పోవుచుండగా, వారు ఎండలో చలిలో కూర్చుండి, ఒక్కమాటయైన నెరుగక వానిని ముందుకు నెట్టుచుండిరి. మంచు కురిసినను, వాన పడినను, ప్రొద్దు గ్రుంకినను పని ఆగిపోవును. దీపములు కట్టి రాత్రియందు నడుపజూచిరి గాని ఫలింపలేదు.

1798 లో స్ట్రాస్‌బర్గు, బ్రెస్టు పట్టణములకు శాఖలు సాగినవి. నెపోలియను అధికారమునకు వచ్చి ఖర్చు తగ్గించెను. వర్తకుల ఉత్తరములను, వార్తాపత్రికల సమాచారములను పంపి ధనమార్జింపవచ్చునని శాప్పు విన్నవించెను గాని ప్రభుత్వము ఒప్పినది లాటరీ అంకెలను పంపుటకు మాత్రమే. దేశరక్షణకై పుట్టిన సాధనమును జూదము పోషింపవలసి వచ్చుట మాకు వింతగా తోచుచున్నది.

ఇంతలో శాప్పు కీర్తిపై ఇతరులు చేయి వేసిరి. యంత్రమున తోడ్పడిన బ్రెగేయే, స్పెయిను దేశీయుడగు బెతాంకూరుతో కలిసి వేరొక టెలిగ్రాఫును నిర్మించి, తమదే మేలైనదని వాదించెను. మరికొందరు ఇది పాతదేననిరి. ఇంగ్లండులో రాబర్టు హుక్కు 1684 లోనే ఇట్టి ఆలోచనను శాస్త్రజ్ఞుల యెదుట ఉంచిన మాట నిజమే. కాని ఆలోచన వేరు, మైళ్లకొలది స్టేషనులను, నిఘంటువును, పనివాండ్ర క్రమశిక్షణను ఒక్కటిగా కూర్చి దినదినము నడుపుట వేరు. ఆ రెండవది శాప్పు చేసెను. అతనికి ముందు ఎవరును చేయలేదు. ఈ సంగతి నేడు మనకు స్పష్టమే. అతనికి మాత్రము ప్రతి విమర్శయు గాయమయ్యెను. దేహమున వ్యాధియు, మనస్సున విచారమును పెరిగెను. 1805 జనవరి 23 వ తేదీన, పారిసులోని టెలిగ్రాఫు కార్యాలయపు ఆవరణముననే, అతడు తన ప్రాణమును తానే తీసికొనెను. వయస్సు 41 సంవత్సరములు. చిన్నవారు చదువు పత్రికయని ఈ సంగతిని దాచుట మాకు సమ్మతము గాదు. అతనికి తీర్పు తీర్చుటయు మా పని గాదు. దేశమంతటికి వార్తలందించిన యతడు తన బాధను ప్రక్కవానికి చెప్పుకొనలేకపోయెను గదా యని మాత్రము దుఃఖించుచున్నాము.

అన్నదమ్ములు 1830 వరకు ఆ శాఖను నడిపిరి. ఇగ్నాసు 1824 లో టెలిగ్రాఫు చరిత్రమును ప్రకటించెను. ఐదువందలకు పైగా స్టేషనులతో ఫ్రాన్సు దేశమంతట వ్యాపించిన ఆ యంత్రములు, పందొమ్మిదవ శతాబ్దపు నడుమ విద్యుత్తంతి రాగా ఒక్కొక్కటిగా మూతబడెను. ఇంగ్లండులో నౌకాధికారి పోఫాము 1816 లో రెండు చేతులు మాత్రమే గల స్తంభమును ప్రవేశపెట్టెను. మన దేశమున 1820 ప్రాంతమున కలకత్తానుండి చునారువరకు ఇట్టి గోపురములను కట్టిరి. వానిలో కొన్ని నేటికిని బెంగాలులో నిలిచియున్నవి. కొయ్యచేతులకు బదులు మనుష్యుని చేతులే చాలునని తోచి, ఓడలమీదను సేనలలోను రెండు జెండాల పద్ధతి వాడుకలోనికి వచ్చెను.

పారిసులో 1893 లో శాప్పునకు కంచువిగ్రహము నిలిపిరి. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు నగరమును ఆక్రమించియున్న కాలమున, లోహముకొరకై దానిని కరగించిరి. పేర్ లషేజ్ శ్మశానమున, 1829 లో ఇగ్నాసు మరణించినపుడు తమ్ముని అవశేషములను గూడ తెచ్చియుంచిన సమాధి మాత్రము నిలిచియున్నది. రాళ్లకుప్పవంటి ఆ కట్టడముపై చిన్న టెలిగ్రాఫొకటి చేతులు చాచి నిలిచియున్నది.