లిండ్లీ మర్రే గారి జీవితము

ఆంగ్లభాష నేర్చుకొను బాలబాలికలకు క్రియాపదముల పట్టిక యెంత భయము గొల్పునో మే మెఱుగుదుము. గో, వెంట్, గాన్ అని వల్లించుచు, ఈ భాషకు నియమమే లేదా యని వారు విసుగు జెందుదురు. అట్టి పట్టికను బోధనకు అనువుగ నమర్చి, వేలకొలది పాఠశాలలకు జేర్చిన వ్యాకరణకర్త లిండ్లీ మర్రే గారు. వారి చరిత్రమును సంగ్రహముగ దెలిపెదము.

మర్రే గారు 1745వ సంవత్సరమున అమెరికాయందలి పెన్సిల్వేనియాలో నొక క్వేకరు కుటుంబమున జన్మించిరి. తండ్రి రాబర్టు మర్రే గారు తరువాత న్యూయార్కున గొప్ప వర్తకులైరి. కుమారుని వర్తకమున బ్రవేశపెట్టవలెనని తండ్రి కోరిక. చదువుకొనవలెనని కుమారుని కోరిక. ఒకప్పుడు తండ్రి దండింపగా బాలుడు ఇల్లు విడిచి, న్యూజెర్సీలోని బర్లింగ్టన్ పట్టణమున నొక వసతి పాఠశాలలో జేరెను. బంధువులు నచ్చజెప్పి యింటికి రప్పించిన పిమ్మట, తండ్రి యొక యుపాధ్యాయుని నియమించి చదివించెను. ఇల్లు విడిచిపోవుట మెచ్చదగినది కాకున్నను, విద్యపై ఆ బాలునకు గల యాసక్తి మాత్రము మెచ్చదగినదే.

పిదప మర్రే గారు న్యాయశాస్త్ర మభ్యసించి న్యూయార్కున న్యాయవాదులైరి. అమెరికా సంయుక్త రాష్ట్రములకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియైన జాన్ జే గారు వారికి సహాధ్యాయులు. వృత్తియందు ధనము గడించుచుండగా, శరీర కండరములకు దుర్బలత పట్టుకొనెను. ఇంగ్లాండు శీతోష్ణస్థితి మేలు చేయునను నాశతో 1784లో భార్య హన్నా గారితో స్వదేశము విడిచి, యార్కు నగర సమీపమున హోల్‌గేటు అను చోట నివాసమేర్పఱచుకొనిరి. ఆశించిన యారోగ్యము చేకూరలేదు. క్రమముగ నడక కష్టమాయెను. తుదకు జీవితపు చివరి పదునాఱేండ్లు ఇల్లు వెడలకయే గడపిరి.

అయినను వారు కాలమును వ్యర్థపుచ్చలేదు. యార్కునందు క్వేకరుల బాలికా పాఠశాల యొకటి యుండెను. అందలి యువతులైన యుపాధ్యాయినులు వీరియొద్ద వ్యాకరణము నేర్చుకొని, తమ విద్యార్థినులకై సులభమైన పుస్తకము వ్రాయుమని ప్రార్థించిరి. మొదట సంకోచించినను, పిదప నంగీకరించిరి. ఆ వ్యాకరణము 1795లో వెలువడెను. 1797లో దాని సంగ్రహమును, అభ్యాసముల పుస్తకమును వచ్చెను. ఇంగ్లాండునను అమెరికాలోను అవి లక్షలకొలది ప్రతులు చెల్లెను. వచ్చిన లాభమును మర్రే గారు ధర్మకార్యములకే వినియోగించిరి.

నియమరహిత క్రియలను వారు మూడు తెగలుగ విభజించిరి. కాస్ట్, పుట్ వంటివి మూడు రూపములందును మాఱవు. సెల్, సోల్డ్, సోల్డ్ అనునట్టివానిలో చివరి రెండు రూపము లొక్కటియే. బ్లో, బ్లూ, బ్లోన్ అనునట్టివానిలో మూడును వేఱు. ఇట్లు విభజించి చదివినచో భారము తగ్గును. మర్రే గారి పుస్తకము పూర్వ వ్యాకరణముల నుండి కూర్చినదే. ఆ సంగతిని వారే యొప్పుకొనిరి. వారి యాంగ్లమునందు దోషములున్నవని విమర్శకులు కొందఱు గ్రంథములే వ్రాసిరి. అంత మాత్రమున ఉపాధ్యాయులకు గలిగిన మేలు తగ్గలేదు.

ఈ క్రియలలో పెక్కింటి రూపము లాదినుండి యూరక పుట్టినవి కావు. అచ్చులు మార్చి భూతకాలము దెలుపుట ఆ భాషకు ప్రాచీన పద్ధతి. అరుదుగ వాడు క్రియలు కాలక్రమమున సామాన్య నియమమునకు లోబడెను. నిత్యము నోట నుండునవి తమ పాతరూపమును నిలుపుకొనెను. మన తెలుగునందును వచ్చు అను క్రియకు విధిరూపము రమ్ము, తెచ్చు అనుదానికి తెమ్ము అగుచున్నవి గదా. వీనిని మనము పట్టిక చూచి నేర్చుకొనలేదు. దినదినము పలుకుచు నేర్చుకొంటిమి.

మర్రే గారు 1826లో, ఎనుబదియవ యేట, హోల్‌గేటునందే కాలధర్మము నొందిరి. విద్యార్థులారా, దినమునకు మూడు క్రియలు చాలును. ఒక్కొక్కదానిని వాక్యమున జేర్చి, బిగ్గరగ పలికి, మఱునాడు మరల వ్రాయుడు. రోగపీడితుడైన యొక పెద్దమనిషి మీవంటి పిల్లలకై యింతగా శ్రమించినప్పుడు, నేర్చుకొనుటకు మనము బద్ధకింపనేల?