గ్రామోపదేశకుల గురువు – బిషప్ అజరయ్య

1910వ సంవత్సరంలో బెంగుళూరు నగరంలో యునైటెడ్ థియొలాజికల్ కళాశాల స్థాపితమైంది. దక్షిణ భారత క్రైస్తవ సంఘాలకు ఉన్నత విద్యావంతులైన బోధకులను తీర్చిదిద్దడం దాని ఆశయం. ఇంచుమించు ఆ కాలంలోనే, నైజాం రాజ్యంలోని డోర్నకల్ అనే చిన్న గ్రామంలో మరొక విధమైన విద్యాయజ్ఞం ఆరంభమైంది. కళాశాల గడప తొక్కే అవకాశం లేని పల్లెటూరి ఉపదేశకులకు వారి మాతృభాషలోనే బైబిలు నేర్పడం ఆ యజ్ఞ లక్ష్యం. దానికి పూనుకొన్న మహనీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి ఆ ఊరి దేవాలయ గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా ఆయన పట్టా పుచ్చుకోలేదు. 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతటా పర్యటించారు. విదేశీ ధనంపై ఆధారపడక భారతీయులే సేవ సాగించాలన్న సంకల్పంతో 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు తోడ్పడ్డారు. ఆ సంస్థ ఎన్నుకొన్న క్షేత్రమే డోర్నకల్. 1909లో గురుపట్టాభిషేకం పొంది, పట్టణ జీవితాన్ని విడిచి, సకుటుంబంగా అక్కడికి తరలివచ్చారు. తమిళుడైన ఆయన తెలుగును శ్రద్ధతో అభ్యసించి, ఆ భాషలోనే ప్రజల హృదయాలను చేరుకొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవినందిన ప్రథమ భారతీయుడయ్యారు.

పదవి లభించినంత మాత్రాన పని సులభం కాలేదు. తెలుగు పల్లెలలో మాల, మాదిగ కుటుంబాలు గుంపులు గుంపులుగా క్రైస్తవాన్ని స్వీకరిస్తున్న రోజులవి. వారిలో అధికులు నిరక్షరాస్యులు. వారికి నేర్పవలసిన ఉపదేశకుని చదువు సైతం అంతంత మాత్రమే. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించేదీ, సాయంకాలం పెద్దలను కూర్చుండబెట్టి ప్రార్థన నడిపేదీ అతడొక్కడే. అతడు తప్పు నేర్పితే ఊరంతా తప్పు నేర్చుకొంటుంది. అతడు కుంగిపోతే బడీ గుడీ రెండూ మూతపడతాయి.

ఈ సత్యాన్ని అజరయ్య బాగుగా గ్రహించారు. డోర్నకల్‌లో దైవశాస్త్ర పాఠశాలను నెలకొల్పి స్వయంగా పాఠాలు చెప్పారు. పల్లెలో నమ్మకంగా పనిచేసి అనుభవం గడించిన ఉపదేశకులనే ఎంచి గురువులుగా తీర్చిదిద్దారు. విద్యార్థులు భార్యాబిడ్డలతో వచ్చి అక్కడ నివసించేవారు. భార్యలకూ చదువు చెప్పేవారు. ఆ బోధనలో అజరయ్య సతీమణి అన్బు మరియమ్మాళ్ భర్తకు కుడిభుజంగా నిలిచారు. చదవలేని వారికి కథ, పాట, కంఠస్థం అనేవే గ్రంథాలయ్యాయి. ఇంటింటా గృహిణులు తీసిపెట్టిన పిడికెడు బియ్యం సంఘ సేవకు ఆధారమైంది. బిషప్ ఎడ్లబండిపై ఊరూరా తిరిగి, నేర్పినది ఎంతవరకు నాటుకొన్నదో స్వయంగా పరిశీలించేవారు.

పేదలు అర్థం తెలియకుండానే మతం మారుతున్నారన్న విమర్శ 1930వ దశకంలో తీవ్రమైంది. ఈ విషయమై గాంధీ మహాత్మునికీ అజరయ్యకూ గాఢమైన అభిప్రాయభేదం ఏర్పడింది. దళితులకు తమ విశ్వాసాన్ని తామే ఎన్నుకొనే వివేకం, హక్కు ఉన్నాయన్నది అజరయ్య నిశ్చితాభిప్రాయం. ఆ వివేకానికి విద్యతో పదును పెట్టడమే తన కర్తవ్యమని ఆయన భావించారు. 1941 నాటికి డోర్నకల్ మండల క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఆ విస్తరణ భారాన్ని మోసినవారు ప్రధానంగా పేరు ప్రఖ్యాతులు లేని గ్రామోపదేశకులే.

హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పరీతుల మేళవింపుతో నిర్మించిన డోర్నకల్ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే పరమపదించారు. 1919 నుండి ఆయన పాటుపడిన సంఘైక్యం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపుదాల్చింది. ఆ శుభదినాన్ని చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

పట్టా లేని ఆ విద్యార్థిని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1920లో గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. అయినా ఆయన నిజమైన కీర్తి ఆ పట్టాలో లేదు. కిరోసిన్ దీపపు వెలుగులో, తాను నిన్న నేర్చుకొన్న పాఠాన్ని నేడు తన ఊరివారికి మాతృభాషలో వినిపించిన పల్లె బోధకుని కంఠంలో ఉంది. చదువు కొద్దిపాటిదే అయినా దానిని పదిమందికి పంచేవాడే గురువని ఆయన జీవితం చాటుతున్నది.