శాసన పరిశోధకుడు గిడుగు

గిడుగు వేంకట రామమూర్తి పేరు వినగానే తెలుగువారికి వ్యావహారిక భాషోద్యమం స్ఫురిస్తుంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. అయితే భాషోద్యమానికి పూనుకొనక ముందే ఆయన ఎవరూ నియోగించకుండా, ప్రతిఫలం ఆశించకుండా తన ప్రాంతపు చరిత్రను వెలికితీసిన పరిశోధకుడన్న సంగతి కొందరికే తెలుసు.

రామమూర్తి 1863లో శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో వీర్రాజు, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. బాల్యంలోనే తండ్రి మరణించడంతో విశాఖపట్నంలో బంధువుల ఇంట ఉండి, 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశాడు. కుటుంబభారం మీదపడటంతో మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే చదువు కొనసాగించి పట్టభద్రుడయ్యాడు.

పిల్లలకు చరిత్ర బోధించే రామమూర్తి దృష్టి వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగ దేవాలయాలపై పడింది. అక్కడి గోడలమీద, స్తంభాలమీద సంస్కృత, తెలుగు శాసనాలెన్నో ఉన్నాయి. నిత్యం దర్శనానికి వచ్చే భక్తులకు అవి చదవరాని గీతలు మాత్రమే. రామమూర్తి గురువు లేకుండానే, స్వయంకృషితో ప్రాచీన లిపులు నేర్చుకొని వాటిని చదివాడు. అవి తూర్పు గాంగరాజుల దానధర్మాలను, పాలనా విశేషాలను తెలిపాయి.

ఆ రాజుల రాజధాని కళింగనగరం. అది సముద్రతీరంలోని కళింగపట్నమే కావచ్చునని కొందరు పండితులు భావించేవారు. రామమూర్తి శాసన సాక్ష్యాలను, పరిసరాల్లోని శిథిలాలను కలిపి పరిశీలించి, ముఖలింగమే కళింగనగరమని ప్రతిపాదించాడు. ఒక సామాన్య ఉపాధ్యాయుడు చేసిన ఈ నిర్ణయం చరిత్రకారుల ఆమోదం పొందింది.

రాళ్లలోని భాషను విన్న ఆయన, కొండలలోని భాషనూ విన్నాడు. సవర, తెలుగు భాషలు రెండూ తెలిసిన వ్యక్తి సాయంతో సవర భాష నేర్చుకొని, ఆ పిల్లలకు పుస్తకాలు రాశాడు. అడవులలో తిరుగుతుండగా సోకిన చలిజ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నా పని మానలేదు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు వారి భాషలోనే బడి నడపమని కోరాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరడంతో, దశాబ్దాల అనుబంధమున్న ఆ ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరాడు. 1940లో పరమపదించాడు.

ఉద్దానం, టెక్కలి, పలాస ప్రాంతాల గ్రామాల్లోనూ పాత గుళ్లు, రాతిపలకలు, పెద్దల జ్ఞాపకాలు ఉన్నాయి. నేటి విద్యార్థి చేతిలో ఛాయాచిత్రం తీసే సాధనం ఉంది. గిడుగుకు అదీ లేదు. సున్నం పూతల కింద, ఎండావానలలో అక్షరాలు చెరిగిపోకముందే వాటిని పదిలపరచడం, చదవగలవారికి అందించడం మన కర్తవ్యం. ఊరి చరిత్రను కాపాడటానికి కావలసినది పదవి కాదు, శ్రద్ధ అని ఆయన జీవితం నిరూపిస్తున్నది.