ముహాజిర్ల దగ్గరికి వెళ్ళిన అన్సారీ డాక్టర్ సాబ్

హైదరాబాద్ పాతబస్తీ దాటి బాలాపూర్ వైపు వెళ్తే రోహింగ్యా శరణార్థుల గుడిసెలు కనబడతాయి. ఒక ఆదివారం రిపోర్టింగ్ పని మీద అక్కడికి వెళ్ళాను. మెడికల్ స్టూడెంట్లు కొందరు టేబుల్ వేసుకుని బీపీ, షుగర్ చూస్తున్నారు, మందులు ఇస్తున్నారు. లైన్లో నిలబడ్డ ఒక పెద్దావిడ మందులు తీసుకుని, మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగింది. ఆ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు, పాపం. వచ్చే నెల పరీక్షలు, ఆ తర్వాత ఇంకో బ్యాచ్.

ఇంటికొచ్చాక నాకు డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ గుర్తొచ్చారు. ఢిల్లీలో జామియా మిల్లియా ఇస్లామియాకి వెళ్ళినవాళ్ళకి ఆ పేరు తెలుసు. అక్కడి ఆడిటోరియం ఆయన పేరు మీదే ఉంది, హెల్త్ సెంటర్ కూడా ఆయన పేరు మీదే ఉంది. ఆయన సమాధి కూడా ఆ క్యాంపస్‌లోనే ఉంది. కానీ ఆయన ఎవరు, ఏం చేశారు అంటే మన ఇళ్ళల్లో చాలామంది పిల్లలు చెప్పలేరు. కాంగ్రెస్ నాయకుడు అని ఒక్క మాటతో ఆపేస్తారు.

ఆయన 1880 డిసెంబర్ 25న ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా యూసుఫ్‌పూర్‌లో పుట్టారు. ఆ ఇంట్లో వైద్యం కొత్త కాదు. అన్నగారు హకీం అబ్దుల్ వహాబ్ అన్సారీ చూపు లేకపోయినా నాడి పట్టుకుని రోగం చెప్పేవారు. అందుకే హకీం నాబీనా అని పేరొచ్చింది. ఆయన మన హైదరాబాద్‌లోనూ వైద్యం చేశారు. తమ్ముడు ముఖ్తార్ కూడా హైదరాబాద్ వచ్చారు. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివారు. నిజాం ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బ్రిటన్ వెళ్ళి, ఎడిన్‌బరోలో ఎం.డి., ఎం.ఎస్. పూర్తి చేశారు. అంటే ఆ డాక్టర్ చదువులో మన నేల డబ్బు కూడా ఉంది.

లండన్‌లో లాక్ హాస్పిటల్లో, చేరింగ్ క్రాస్ హాస్పిటల్లో పనిచేశారు. అక్కడే ఉండిపోతే హాయిగా బతికేవారు. కానీ తిరిగొచ్చి ఢిల్లీలో ప్రాక్టీస్ పెట్టారు. కొద్దికాలంలోనే ఊళ్ళో పెద్ద సర్జన్ అయ్యారు. రాజులు, నవాబులు కూడా ఆయన పేషెంట్లే. మామూలుగా అయితే ఇక్కడితో ఒక సక్సెస్ స్టోరీ అయిపోవాలి. అసలు కథ ఇక్కడే మొదలైంది.

1912 అక్టోబర్‌లో బాల్కన్ యుద్ధం వచ్చింది. బల్గేరియా, సెర్బియా, గ్రీసు, మాంటెనెగ్రో నాలుగూ కలిసి ఉస్మానీ సల్తనత్ మీద పడ్డాయి. మాసిడోనియా, థ్రేస్ ప్రాంతాల నుంచి లక్షల మంది ముస్లింలు ఇళ్ళు వదిలి, ఎడ్లబండ్ల మీద ఇస్తాంబుల్ వైపు నడిచారు. నగరంలో మస్జిదుల వాకిళ్ళన్నీ ముహాజిర్లతో నిండిపోయాయి. దాని మీద కలరా వచ్చింది. అయా సోఫియా మస్జిద్‌లోనే కలరా రోగుల్ని పడుకోబెట్టారంటే పరిస్థితి ఎంత ఘోరంగా ఉందో అర్థం చేసుకోండి.

ఆ వార్తలు ఢిల్లీ చేరాయి. మౌలానా మొహమ్మద్ అలీ తన కామ్రేడ్ పత్రికలో చందాల కోసం పిలుపునిచ్చారు. జనం ఇచ్చారు. ధనవంతులే కాదు, మామూలు ఇళ్ళవాళ్ళు కూడా చేతనైనంత ఇచ్చారు. వైద్య బృందానికి నాయకుడిగా అన్సారీ ముందుకొచ్చారు. అప్పటికి ఆయన వయసు 32 కూడా నిండలేదు. నడుస్తున్న ప్రాక్టీస్ మూసుకుని, 1912 డిసెంబర్‌లో బొంబాయి నుంచి ఓడెక్కారు.

ఆ ఓడలో అందరూ డాక్టర్లే అనుకోకండి. డాక్టర్లు కొద్దిమందే. మిగతావాళ్ళలో చాలామంది కుర్రాళ్ళు, అలీగఢ్ కాలేజీలో చదువుకుంటున్నవాళ్ళు. చౌధరీ ఖలీకుజ్జమాన్, అబ్దుర్రహ్మాన్ సిద్దీఖీ, షుఐబ్ ఖురేషీ, పెషావర్ కుర్రాడు అబ్దుర్రహ్మాన్ అందులో ఉన్నారు. పెషావరీ చదువు మధ్యలో ఆపి, తన సామాను అమ్ముకుని మరీ వచ్చాడు. వీళ్ళకి వైద్యం తెలియదు. గాయం కడగడం, కట్టు కట్టడం, స్ట్రెచర్ మోయడం, మందుల లెక్క రాయడం అన్నీ పనిలో పడ్డాకే నేర్చుకున్నారు. మన దేశంలో ఒక కాలేజీ పిల్లలు ఇంత దూరం వెళ్ళి శరణార్థులకి, క్షతగాత్రులకి సేవ చేయడం అంతకుముందు దాదాపు ఎరగం.

బృందం ఇస్తాంబుల్ చేరి పనిలో దిగింది. ఆ తర్వాత యుద్ధ రంగానికి దగ్గర్లో తాత్కాలిక ఆస్పత్రి కూడా నడిపింది. బుల్లెట్ గాయాలు, చలికి చచ్చుబడిన కాళ్ళు, జ్వరాలు, విరేచనాలు... రోజంతా ఇదే పని. అక్కడి సంగతులు అన్సారీ ఉత్తరాలుగా రాసి పంపితే కామ్రేడ్‌లో అచ్చయ్యేవి. నేను కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి నాకు ఈ విషయం బాగా నచ్చింది. చందా ఇచ్చిన మనిషికి తన రూపాయి ఎక్కడికి వెళ్ళిందో, అక్కడ ఏం జరుగుతోందో తెలుస్తూ ఉండేది. ఇవాళ వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పెట్టి చందాలు అడిగేవాళ్ళు కూడా ఈ ఒక్కటి నేర్చుకుంటే చాలు.

అన్సారీ అక్కడ ఇంకొకటి గమనించారు. గాయం మానిన సైనికుడు మళ్ళీ తన దళానికి వెళ్తాడు. మరి జ్వరం తగ్గిన ముహాజిర్ ఎక్కడికి వెళ్తాడు? మళ్ళీ ఆ మస్జిద్ వాకిట్లోకే, ఆ చలిలోకే. నాలుగు రోజుల్లో మళ్ళీ జ్వరం. ఇల్లు, నేల, పని లేని మనిషికి మందు ఎన్నిసార్లు ఇస్తాం? అందుకే మాసిడోనియా శరణార్థుల కోసం అనతోలియాలో భూమి చూసి, కాలనీ కట్టి, సాగు మీద నిలబెట్టాలని ఆయన పథకం వేశారు. హిందుస్తాన్ ముస్లింల చందాలతో దాన్ని నడపాలని అనుకున్నారు. అది అనుకున్నంతగా సాగలేదు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది, దారులు మూసుకుపోయాయి. అయినా ఒక సర్జన్ ఆపరేషన్ టేబుల్ దగ్గర ఆగిపోకుండా పేషెంట్ ఇంటి గురించి ఆలోచించాడు చూడండి, అది చిన్న విషయం కాదు.

1913లో బృందం తిరిగొచ్చింది. పెషావరీ మాత్రం రాలేదు. అక్కడే ఉండిపోయి తుర్కీ పౌరుడయ్యాడు, అనదోలు వార్తా సంస్థ మొదటి రోజుల్లో అందులో పనిచేశాడు, తుర్కీ తరఫున కాబూల్‌కి రాయబారిగా వెళ్ళాడు. 1925లో ఇస్తాంబుల్‌లో ఎవరో మరొకరనుకుని అతన్ని కాల్చారు. అల్లాహ్ అతని మీద రహమ్ చేయుగాక.

తర్వాత అన్సారీ రాజకీయాల్లోకి వచ్చారు. ముస్లిం లీగ్‌కీ అధ్యక్షత వహించారు, 1927 మద్రాస్ మహాసభలో కాంగ్రెస్‌కీ అధ్యక్షులయ్యారు. 1924లో గాంధీజీ ఢిల్లీలో 21 రోజుల ఉపవాసం చేసినప్పుడు పక్కనుండి చూసుకున్న డాక్టర్లలో ఆయన ఒకరు. జైలుకీ వెళ్ళారు. 1928లో నెహ్రూ రిపోర్టు విషయంలో, ఒకప్పుడు తనను తుర్కీకి సాగనంపిన అలీ సోదరులతోనే తెగిపోయింది. పాత స్నేహితులు దూరమయ్యారు. ఆ ఏళ్ళల్లో ఆయన వదలకుండా పట్టుకున్నది జామియాని.

జామియా 1920లో అలీగఢ్‌లో మొదలైంది. స్థాపించినవాళ్ళలో అన్సారీ ఉన్నారు. 1924లో ఖిలాఫత్ రద్దవగానే చందాలు ఆగిపోయాయి. మూసేద్దామని కొందరు అన్నారు. హకీం అజ్మల్ ఖాన్, అన్సారీ ఒప్పుకోలేదు. 1925లో దాన్ని ఢిల్లీ కరోల్‌బాగ్‌కి తెచ్చారు. 1927 చివర్లో హకీం సాబ్ పోయాక, 1928 నుంచి అన్సారీ అమీరె జామియా, అంటే ఛాన్సలర్. మన హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ అప్పుడు వైస్ ఛాన్సలర్. టీచర్లు నెలకి 150 రూపాయలకి మించి తీసుకోకుండా 20 ఏళ్ళు పనిచేస్తామని మాటిచ్చారు. అన్సారీ తన ఇల్లు దారుస్సలాం తలుపులు జామియా కోసం తెరిచి, డబ్బున్నవాళ్ళ దగ్గర చేయి చాపి దాన్ని నిలబెట్టారు.

1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త క్యాంపస్‌కి పునాది రాయి వేశారు. వేసింది అన్సారీ కాదు, ఏ నవాబూ కాదు. జామియాలో అందరికన్నా చిన్న విద్యార్థి చేత వేయించారు. ఆ ఏడాదే తుర్కీ రచయిత్రి హాలిదే ఎదిబ్ జామియాలో ఉపన్యాసాలివ్వడానికి వచ్చి ఆయన ఇంట్లోనే అతిథిగా ఉన్నారు. బాల్కన్ యుద్ధం రోజుల్లో ఇస్తాంబుల్‌లో ఆమె కూడా క్షతగాత్రులకి సేవ చేసినావిడే. 22 ఏళ్ళ కింద నాటిన ఖిద్మత్ అలా ఢిల్లీకి తిరిగొచ్చింది.

1936 మే 10న ముస్సోరీ నుంచి ఢిల్లీకి వస్తుండగా రైల్లోనే గుండె ఆగి అన్సారీ ఇంతకాలం చేశారు. అప్పటికి 55 ఏళ్ళు. ఓఖ్లా నేలలోనే దఫన్ చేశారు.

ఆయన వెళ్ళాక కూడా ఆ పని ఆగలేదు. 1938లో షఫీకుర్రహ్మాన్ కిద్వాయ్ నడిపిన జామియా విభాగం ఢిల్లీ మొహల్లాల్లోకి వెళ్ళి పెద్దవాళ్ళకి చదువు చెప్పింది. 1947లో ఢిల్లీ తగలబడినప్పుడు పురానా ఖిలా, హుమాయూన్ సమాధి దగ్గరి శిబిరాలు శరణార్థులతో నిండిపోయాయి. అప్పుడు జామియా మనుషులు అక్కడ పనిచేశారు. వాళ్ళ కరోల్‌బాగ్ ఆస్తులు లూటీ అయినా పని మానలేదు. ఇవాళ ఆ క్యాంపస్‌కి కొద్ది దూరంలోనే, కాళిందీ కుంజ్ దగ్గర రోహింగ్యాలు ఉంటున్నారు. ముహాజిర్లు మళ్ళీ ఆయన గడప దగ్గరికే వచ్చినట్టుంది.

బాలాపూర్ పెద్దావిడ అడిగిన ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను. మన పిల్లల్లో ఇప్పుడు మెడికల్, నర్సింగ్, ఫార్మసీ చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు, అల్హందులిల్లాహ్. ఒక రోజు క్యాంప్ పెట్టి, ఫోటో దిగి రావడం కష్టం కాదు. ఈ బ్యాచ్ వెళ్ళిపోతే వచ్చే బ్యాచ్‌కి రిజిస్టర్ అప్పజెప్పి వెళ్ళండి. అందులో ఆ పెద్దావిడ పేరు, ఆమె బీపీ, మళ్ళీ వచ్చే తేదీ రాసి ఉండాలి. అన్సారీ డాక్టర్ సాబ్ ఒక్కసారి ఓడెక్కి తిరిగొచ్చి ఊరుకోలేదు. తను పోయినా నడిచే ఒక ఇదారాని నిలబెట్టి వెళ్ళారు. ఆమెకి కావలసింది కూడా అదే, వచ్చే నెల ఎవరో ఒకరు వస్తారన్న భరోసా.