యలవర్తి నాయుడమ్మ

తెనాలికి సమీపాన గల యలవర్రు గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబాన యలవర్తి నాయుడమ్మ 1922 సెప్టెంబరు 10న జన్మించారు. నాడు గుంటూరు జిల్లాలోని ఆ గ్రామం 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోను, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను చదివిన పిదప, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. తోలుపని చేసేవారిని ఊరి వెలుపల నిలిపిన సమాజంలో ఒక రైతుబిడ్డ ఆ విద్యనే వరించడం సామాన్య విషయం కాదు.

1958 నుండి 1971 వరకు ఆయన మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు సంచాలకులు. భూమినుండి త్రవ్విన ఖనిజమైనా, పశువునుండి తీసిన చర్మమైనా ముడిసరుకుగానే ఓడ యెక్కితే అధికలాభం దానిని వస్తువుగా మలచిన దేశానికే దక్కుతుంది. భారతదేశం అప్పట్లో ముడితోళ్లను, సగం పదునుచేసిన తోళ్లను ఎగుమతిచేసి స్వల్పమూల్యంతో తృప్తిపడేది. పాదరక్షలు, సంచులు ఇక్కడనే తయారుకావాలని, ప్రయోగశాలలోని ఫలితం తోళ్లను నానబెట్టే తొట్టి దాకా చేరాలని నాయుడమ్మ సంకల్పం. 1972లో సీతారామయ్య సంఘం ఇదే మార్గాన్ని సూచించగా, మరుసటి యేడు ప్రభుత్వం సగం పదునుచేసిన తోళ్ల ఎగుమతికి పరిమితి విధించింది. ఆయన అధిష్ఠించిన పదవులకన్న ఈ కృషియే మిన్న.

1971లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతియై, కరీంనగర్ జిల్లాను ఎన్నుకొని శాస్త్రాన్ని పల్లెలకు చేర్చే ప్రణాళికను నడిపించారు. తరువాత కొంతకాలం జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు.

1985 జూన్ 23న కెనడానుండి తిరిగివస్తుండగా, ఐర్లండు తీరానికి చేరువలో కనిష్క విమానం బాంబు ప్రేలుడుకు గురై సముద్రంలో కూలింది. మరణించిన 329 మందిలో నాయుడమ్మ ఒకరు.