సర్ జాన్ హేమండు

మా తరగతులలోని బాలురలో పెక్కండ్రు కర్షకుల బిడ్డలు. పాలిచ్చు గేదెకు తెలకపిండియు తవుడును పెట్టవలెనని వారికి మేము నేర్పనక్కరలేదు. కాని పాలు మాని వట్టిపోయిన చూడియావు సంగతి యేమి? దానికి తరచుగా దొరకునది ఎండుగడ్డి మాత్రమే. ఈనిన పిమ్మట చూచుకొందమని ఇంటివారి యూహ. మా చిన్ననాట మా యింటి యావు అట్లే వట్టిగడ్డి మేసి, లేచి నిలువలేని దూడను ఈనెను. ఆబోతు మంచిది కాదని పెద్దలు తేల్చిరి. ఆ తీర్పు ఎంత తొందరపాటో మాకు తెలిసినది హేమండు చరిత్రము చదివిన పిమ్మటనే.

జాన్ హేమండు 1889వ సంవత్సరమున ఇంగ్లాండు దేశమునందలి నార్ఫోకు మండలములో ఒక కర్షక కుటుంబమున జన్మించెను. కేంబ్రిడ్జిలో వ్యవసాయశాస్త్రము చదివి, మొదటి ప్రపంచ యుద్ధమున సైన్యములో పనిచేసి, మరల కేంబ్రిడ్జికే వచ్చి, 1954లో విశ్రాంతి గైకొనువరకు అచ్చటనే పరిశోధనలు సాగించెను. 1927లో ఆవుల సంతానోత్పత్తిని గూర్చియు, 1932లో గొఱ్ఱెల పెరుగుదలను గూర్చియు గ్రంథములు ప్రకటించెను. 1933లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. బిరుదుల పట్టికతో చదువరులకు విసుగు కలిగింపము. ఆయన గుఱ్ఱముల కథయే మాకు ముఖ్యము.

షైరు జాతి గుఱ్ఱములు పెద్ద బరువులు లాగు మహాకాయములు. షెట్లాండు తట్టువలు సుమారు ఒక మీటరు ఎత్తు మాత్రమే యుండును. హేమండును, ఆయన సహచరుడైన ఆర్థర్ వాల్టనును కృత్రిమ గర్భధారణ పద్ధతిచేత ఈ రెండు జాతులను కలిపి, 1938లో ఫలితములను ప్రకటించిరి. కొన్నిటికి షైరు తల్లి, షెట్లాండు తండ్రి. కొన్నిటికి షెట్లాండు తల్లి, షైరు తండ్రి. రెండు విధముల పిల్లలకును ఇరుజాతుల వారసత్వము సగము సగమే. అయినను షైరు తల్లి కడుపున పెరిగిన పిల్ల పుట్టిననాడే రెండవదానికి సుమారు మూడురెట్లు బరువుండెను! చిన్న తల్లి గర్భములోని పిండము తండ్రి జాతి కొలతకు పెరుగక తల్లి కొలతకే ఒదిగెను. లేనిచో ప్రసవమున తల్లి ప్రాణమునకే ముప్పు. పిల్లలు పెరిగినకొలది ఆ భేదము తగ్గెనే గాని బొత్తిగా పోలేదు. పిదప పెద్దవైన సౌత్ డెవన్ ఆవులతోను, పొట్టివైన డెక్స్టర్ ఆవులతోను ఇట్టి పరీక్షయే జరిగి, దాని ఫలితములు 1958లో వెలువడెను.

తల్లి తిన్న ఆహారము అవయవములకు ఒక వరుసలో పంచబడునని హేమండు చెప్పెను. మెదడునకును గర్భమునకును ముందు వంతు; పిమ్మట ఎముకకు, కండకు; తుదకు క్రొవ్వునకు. కావున మేత చాలనప్పుడు పిండము తల్లి యొడలినే తినును. కాని ఆ నిధియు తరుగును గదా. ఆవు సుమారు 280 దినములు మోయును. దూడ బరువులో హెచ్చు భాగము కడపటి నెలలలో కూడినను, దానికి ఆహారమందించు మావి మొదటి నెలలలోనే రూపొందును. కండలోని తంతువుల సంఖ్యయు పుట్టుకకు ముందే తీరిపోవును. పిదప అవి లావెక్కునే గాని సంఖ్యలో పెరుగవు.

హేమండు చూచినవి బరువులు, కొలతలు. లోపలి కారణములు తరువాతి వారికి దొరకెను. శైశవమున కొంతకాలము మన దక్షిణదేశపు వయనాడు తేయాకు తోటలలో గడపిన వాడింగ్టను అను శాస్త్రజ్ఞుడు, జన్యువులు శరీరమును రూపొందించు విధమును తెలుపు శాస్త్రమునకు 1942లో ఎపిజెనెటిక్స్ అను పేరిడెను. జన్యువులన్నియు అన్నివేళల పనిచేయవు. వానిపై మిథైల్ అను చిన్న రసాయనపు గుర్తులు అంటుకొనును. అవి పడినచోట జన్యువు తరచుగా మౌనము వహించును. వ్రాత మారదు, చదువబడు తీరు మారును. ఆ గుర్తులు ఏర్పడుటకు మెథియొనిన్, ఫోలేటు, బి12 మున్నగునవి కావలెను. పిండమునకు ఇవి తల్లి రక్తమునుండియే రావలెను. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు బి12ను తామే చేయును గాని, అందులకు మేతలో కోబాల్టు ఉండవలెను. చూడియావుల మేతను మార్చినప్పుడు, పుట్టిన దూడల శరీరమున ఈ గుర్తులు మారుటను ఇటీవలి పరిశోధకులు కనుగొనిరి. తండ్రి వారసత్వము అదియే. తల్లి మేత వేరు.

బ్రిటనులో పశువులకు కృత్రిమ గర్భధారణ కేంద్రము 1942లో కేంబ్రిడ్జియందు నెలకొనుటకు హేమండు కృషి తోడ్పడెను. 1960లో ఆయనకు సర్ బిరుదము వచ్చెను. 1964 ఆగష్టు నెలలో మరణించెను. ఆ గుఱ్ఱపు పిల్లల పరీక్ష పశుశాస్త్ర గ్రంథములలో నేటికిని చెప్పబడుచున్నది.